అభ్యంతరం లేని సభ

మా బాబాయి, ఆయన వియ్యంకుడు కలిసి పెట్టిందే మా ఊరి మతవిద్య కాలేజీ. రెండు గదులతో మొదలైంది. కాస్త నిలదొక్కుకున్నాక దానికి తోడుగా ఒక పండిత సంఘం కూడా పెట్టారు. సంఘానికి ఒకటే నియమం. ఒకరు వ్యాసం చదివితే ఇంకొకరు లేచి దాన్ని తప్పు పట్టాలి. అప్పటిదాకా సభ ముగియకూడదు.

"తానా అంటే తందానా అనేవాళ్ళకి సంఘం ఎందుకురా?" అనేవాడు బాబాయి.

తప్పు పట్టే పని ఎప్పుడూ వియ్యంకుడుగారిదే. ఆయన నిరుడు పోయారు.

ఈసారి సభ పద్ధతిగా జరగకపోతే సంఘం గదిని హాస్టలుకి ఇచ్చేస్తామని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడు. పిన్ని పోయిన దగ్గర్నుంచీ బాబాయికి పొద్దుపోయేది ఆ గదిలోనే. అందుకని నేనే తిరిగి నలుగురినీ పోగుచేశాను, కుర్చీలు తుడిచి వేశాను.

ప్రార్థన మనసులో చేసుకుంటే చాలు, పైకి అనక్కర్లేదు అని బాబాయి వ్యాసం. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, "ఊఁ, అనండి" అన్నాడు.

"అద్భుతం సార్!" అన్నాడు ప్రిన్సిపాల్.

"అద్భుతం సంగతి తర్వాత. తప్పెక్కడుందో చెప్పు."

"మీ అంతటివారిని తప్పు పట్టడమా? ఎంతమాట!"

"మా కళ్ళు తెరిపించారండీ," అన్నారు లెక్కల మాస్టారు.

"ఇప్పటిదాకా మూసుకునే ఉన్నావు కదా నాయనా," అని బాబాయి నావైపు తిరిగాడు. "నువ్వైనా ఏదో ఒకటి అనరా."

"నాకేం తెలుసు బాబాయ్? ఎనిమిదితో ఆపేసినవాణ్ణి."

"ఇంట్లో ప్రతిదానికీ అడ్డం పడతావుగా!"

నేను నవ్వేసి ఊరుకున్నాను. మిగతావాళ్ళు గౌరవంగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ గౌరవమే ఆయన గది ఊడగొడుతోందని ఎవరికీ తట్టలేదు.

చివరికి బాబాయి లేచాడు. మెల్లగా నడిచి వెళ్ళి, వియ్యంకుడుగారు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. ఖాళీ అయిన తన కుర్చీ వైపు వేలు చూపించి, అచ్చం ఆయనలాగే గొంతు పెంచాడు.

"అది కాదు బావగారూ! అందరూ మనసులోనే అనుకుని కూర్చుంటే, పక్కన ఇంకో మనిషి ఉన్నాడని ఎలా తెలుస్తుందండీ?"

అందరి తలలూ ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగాయి.

"అభ్యంతరం వచ్చింది. సభ ముగిసింది," అన్నాడు ప్రిన్సిపాల్, ఇక మరో మాటకి తావివ్వకుండా. గది నిలిచింది. అందరూ టీకి లేచారు.

బాబాయి లేవలేదు. భుజం పట్టుకుని లేపబోయాను.

"ఈసారి ఆయనే నెగ్గాడురా," అన్నాడు. "ఒప్పుకుందామంటే మనిషి లేడు."