అరంగుళం తేడా

మా అమ్మ దృష్టిలో నేను చదివే చదువు చాలా సులువు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, తలుపేసి బయటికొచ్చి, మీట నొక్కడం. ఈమాత్రం దానికి మూడేళ్లు యూనివర్సిటీ ఎందుకని పెద్దమ్మ అడిగితే, తలుపు బాగా బరువుంటుందట అని జవాబిచ్చింది. నేను అలిగి కూర్చున్నాను గానీ, ఆ తలుపు నిజంగానే బరువు.

క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇవ్వడం నేను నేర్చుకుంటున్న పని. ఎక్కడ ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో పెద్దవాళ్లు తేలుస్తారు. ఆ మనిషిని రోజూ వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట పడుకోబెట్టడం మా వంతు. అందుకోసం మొదట్లోనే ఒంటిమీద మూడు పచ్చబొట్టు చుక్కలు పొడుస్తారు. పొత్తికడుపు రోగులకైతే రెండు తుంట్ల మీద చెరొకటి, బొడ్డు కింద ఒకటి. ఆవగింజలో సగం కూడా ఉండవు. గోడల నుంచి, పైకప్పు నుంచి వచ్చే ఎర్రటి లేజర్ గీతలు ఆ చుక్కల మీద పడేలా బల్లను జరపాలి. అంతే. ఆ ‘అంతే’ నేర్చుకోవడానికే నాకు మూడేళ్లు పట్టింది.

ఆసుపత్రిలో మాకు పని నేర్పే సీనియర్ జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్కేలు ఉంటుంది. ఆమె ఎదురుగా ఉంటే మేడమ్ అంటాం, పక్కకెళితే స్కేలక్క. ఆవిడ నోట మెచ్చుకోలు రప్పించడమంటే ఇసుక పిండి నూనె తీయడమే. లైన్లు కలిశాక ఒక్కో చుక్కనూ వేలితో తాకి, పైకి చెప్పమంటుంది. కనిపించింది చెప్పండి, ఉంటుందనుకున్నది చెప్పకండి అని రోజుకు పదిసార్లు అనేది. పదిసార్లూ తల ఊపేవాళ్లం.

నా ఆఖరి పరీక్ష గురువారం పడింది. ఆ గంటకు వచ్చిన రోగి దర్జీ తాత. డెబ్బై దాటిన మనిషి. పొత్తికడుపులో గడ్డకు అప్పటికి పద్దెనిమిది రోజులు రేడియేషన్ తీసుకున్నాడు, అందులో సగం రోజులు నా చేతుల మీదుగానే. బతుకంతా ఊళ్లోవాళ్ల కొలతలు తీశాను, ఇప్పుడు నా కొలతలు తీసేవాళ్లకు కనీసం మెడలో టేపైనా లేదు అని రోజూ వేళాకోళం ఆడేవాడు. ఒళ్లంతా మిరియాలు చల్లినట్టు పుట్టుమచ్చలు.

వెనకాల స్కేలక్క, ఆమె పక్కన యూనివర్సిటీ నుంచి వచ్చిన మాస్టారు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. కుడి చుక్క సరి, ఎడమ చుక్క సరి, మధ్య చుక్క సరి అని గడగడా చెప్పేశాను. మాస్టారు వెంటనే నన్ను పక్కగదికి పిలిచి ప్రశ్నలు మొదలుపెట్టారు. మిగతా పని స్కేలక్క చూసుకుంటానంది. అడిగినవాటికల్లా తడుముకోకుండా జవాబులు చెప్పి, గెలిచానన్న ధీమాతో మధ్యాహ్నం ఇంటికి బస్సెక్కాను.

నా మణికట్టు మీద ఒక పుట్టుమచ్చ ఉంది. అది అదృష్టమచ్చని మా అమ్మ నమ్మకం. బస్సులో ఊరికే దాన్ని వేలితో రుద్దుతుంటే, కాస్త ఎత్తుగా, గరుగ్గా తగిలింది. పచ్చబొట్టు చుక్క చర్మం లోపల ఉంటుంది, వేలికి తగలదు. పొద్దున తాత బొడ్డు కింద నేను తాకిన చుక్క తగిలింది.

అంటే అది చుక్క కాదు, పుట్టుమచ్చ. పక్క చుక్కలు రెండూ సరిగ్గా ఉన్నాయి కదా అని సర్దిచెప్పుకోబోయాను, కుదరలేదు. అవి ఎత్తునూ, తల వైపా కాళ్ల వైపా అన్నదాన్నీ చూపిస్తాయి. కుడిఎడమలు చెప్పేది మధ్య చుక్క ఒక్కటే. రేడియేషన్‌కి ముందు ఎక్స్‌రే ఫోటో తీసి సరిచూసుకోవడం ఆయనకు సోమవారాలు మాత్రమే. నేను పెట్టినచోటే మెషీన్ నడిచి ఉంటే, గడ్డ మీద పడాల్సింది పక్కనున్న మంచి పేగు మీద పడింది.

ఎవరూ చూడలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే పరీక్ష పాసవుతాను. రెండు స్టాపుల దూరం అలాగే ఆలోచించానని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మూడో స్టాపులో దిగి, ఎదురు బస్సు పట్టుకున్నాను. ఇంకా రాలేదేమని అమ్మ ఫోన్ చేసింది. తలుపు సరిగా వేసినట్టు లేదమ్మా, చూసొస్తాను అన్నాను.

స్కేలక్క తన గదిలో చెప్పులు విడిచి, ఏదో రాసుకుంటోంది.

“మేడమ్, పొద్దున తాతగారికి మధ్యలైను చుక్క మీద పెట్టలేదు. పుట్టుమచ్చ మీద పెట్టాను.”

ఆమె తలెత్తింది. “కూర్చో.”

“ముందు ఇది చెప్పండి. ఇచ్చేశారా?”

“ఇచ్చాం. ఇవ్వాల్సిన చోటే ఇచ్చాం.”

కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఆమె ఆపమనలేదు, మంచినీళ్ల సీసా నా వైపు జరిపి, జరిగింది చెప్పింది. నేను మాస్టారితో వెళ్లిపోయి, తలుపు మూయబోతుండగా తాత చెయ్యెత్తాడట. రోజూ పైకప్పు పలకల మధ్య అతుకు తన ముక్కుకు సూటిగా ఉంటుందట. ఇవాళ అరంగుళం పక్కకు జరిగిందమ్మా అన్నాడట. స్కేలక్క తలుపు వదిలేసి, వచ్చి చూస్తే ఎర్ర గీత పుట్టుమచ్చ మీద ఉంది. జేబులో స్కేలు తీసి కొలిచింది. పన్నెండు మిల్లీమీటర్లు. మళ్లీ సరిచేసి, ఫోటో తీసి, అంతా కుదిరాకే మెషీన్ నడిపింది.

“పరీక్ష మాత్రం పోయింది,” అంది. “వచ్చేవారం మళ్లీ చెయ్యాలి. నువ్వు రాకపోయినా రేపు పిలిచి చెప్పేదాన్నే.”

“సరే మేడమ్.”

“వెనకాల నిలబడి నేనూ చూడలేదు. ఇదిగో, నా మీద నేనే రిపోర్టు రాసుకుంటున్నాను.”

ఆమె ముందున్న కాగితం అదే. ఫెయిలయ్యానని తెలిశాక మెట్లు దిగుతూ నవ్వుకున్న విద్యార్థి ఆ యూనివర్సిటీలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. బయటి గాలి ఎంత హాయిగా ఉందో.

మర్నాడు తాత బల్లెక్కగానే, నిన్న నేనుండగానే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“పరీక్ష కదా పాపా, మాస్టారి ముందు నీ పరువు తీస్తానా? పనిలో చేరిన కొత్తలో నేనూ ఒకాయన చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. ఆయన వెళ్లేదాకా మా గురువు నోరు మెదపలేదు.”

నవ్వొచ్చింది గానీ, నవ్వలేదు. “నేను ఫెయిలైతే మళ్లీ రాసుకుంటాను తాతగారూ. మీకు తప్పు చోట పడితే వెనక్కి తీసుకోలేను. ఇంకెప్పుడూ నా కోసం ఆగకండి.”

ఆయన సరేనన్నట్టు తలూపాడు. ఆపైన చొక్కా ఎత్తాడు. పుట్టుమచ్చ మీద దర్జీ సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు. ఇక్కడ కత్తెర పెట్టొద్దని మా భాష అన్నాడు. స్కేలక్క తడి దూది తెచ్చి, ఒంటిమీద మేం పెట్టినవి తప్ప ఇంకో గీత ఉండటానికి వీల్లేదని చీవాట్లు పెడుతూ చెరిపేసింది. మూతి ముడుచుకునే ఉంది, కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

నేను చుక్క వెతికి వేలితో తాకాను. నున్నగా ఉంది. మళ్లీ తాకాను. మధ్య చుక్క సరి అని నిదానంగా చెప్పాను. స్కేలక్క వంగి చూసి, సరి అంది.

తాత ఒక కన్ను మూసి పైకప్పు వంక చూశాడు.

“కుదిరిందా తాతగారూ?”

“కుదిరింది. వెళ్లి తలుపేసుకో పాపా.”

వెళ్లి తలుపేశాను. రోజూ రెండు చేతులతో తోసేదాన్ని, ఆ రోజు ఒంటిచేత్తో తోశాను.