నడుమ పెట్టిన కూరగిన్నె

బియ్యం చెరగడానికి చేట పట్టుకుని అర్రలోకి పోయిన రేణుకమ్మకు, సంచి పక్కన నిలబడ్డ కోడలు కనిపించింది. లత చేతిలో గుప్పెడు బియ్యం, నోట్లో ఇంకొన్ని. అత్తను చూసి నమలడం ఆపేసింది.

"తిను బిడ్డా, నేనేమన్న అంటున్ననా," అని రేణుకమ్మ నవ్వింది. "నేను సుత తింట. పెండ్లయిన కాన్నుంచి గిదే అలవాటు."

లతకు అప్పుడు అయిదో నెల. కోదాడ దిక్కు పిల్ల. మాడుగులపల్లి పక్క ఊరికి కోడలై వచ్చి రెండేండ్లయింది. మామ ఉప్పలయ్యకు గొర్ల మంద, కాలువ కింద కొంచెం వరిపొలం ఉన్నాయి. భర్త శ్రీకాంత్ మిర్యాలగూడలో రైసుమిల్లు ఆపరేటరు. పాడి ఉంది, పంట ఉంది, ఐతారం వస్తే ఇంట్లో మాంసం ఉడకాల్సిందే. లత అదృష్టవంతురాలని పుట్టింటివాళ్ళు సంతోషపడ్డారు.

రేణుకమ్మ మంచి మనిషే. కాకపోతే పొద్దుగూకేసరికి ఆమెకు ఎక్కడలేని చిరాకు పుట్టుకొచ్చేది. దూడ అరిచినా, చెంబు జారినా ఇల్లంతా దద్దరిల్లేది. మగవాళ్ళు తిని లేచేదాకా ఆ నోరు ఆగేది కాదు. ఆమె తత్వమే అంతని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అట్లనే అనుకుంది.

శ్రావణంలో ఒకరోజు నల్లా కాడి నుంచి బిందె తెస్తూ లత గడప ముందు కూలబడింది. నీళ్ళన్నీ పారిపోయాయి. "కళ్ళు తిరిగాయి అత్తయ్యా, ఏం లేదు," అంటూనే ఉంది గాని పెదవులు తెల్లగా పాలిపోయాయి. శ్రీకాంత్ మిల్లులో ఉన్నాడు, ఉప్పలయ్య మందతో పోయాడు. రేణుకమ్మ ఆటో మాట్లాడి కోడలిని మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి కాగితం చూసింది. "రక్తం ఏడు గ్రాములే ఉంది. కనీసం పదకొండన్నా ఉండాలి. ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా ఈ పిల్లకు?"

రేణుకమ్మకు ఆ మాట గుచ్చుకుంది. "మా ఇంట్ల తిండికి కొదువ లేదమ్మా. పాలున్నయ్, పెరుగున్నది. నిన్న ఐతారం యాటకూర గూడ వండినం."

డాక్టరమ్మ లత వైపు తిరిగింది. "కూరతో బాగా తిన్నావా?"

లత అత్త మొహం చూసి తల దించుకుంది. "అన్నంలో పులుసు కలుపుకున్నానండి."

అదేం మాటని గద్దించబోయిన రేణుకమ్మకు నిన్నటి సంగతి కళ్ళ ముందు మెదిలింది. శ్రీకాంత్ వెంట మిల్లు దోస్తు వచ్చాడు. ఉప్పలయ్య రెండోసారి వేయించుకున్నాడు. వాళ్ళు లేచాక గిన్నెలో పులుసు, ఒక మెడ బొక్క మిగిలాయి. ఆ బొక్క కోడలికే వేసి, తాను మామిడికాయ తొక్కుతో తిన్నది. కోడలిని బాగానే చూసుకున్నానని నిన్న మనసులో మురిసింది కూడా.

"బియ్యం గానీ సుద్ద గానీ తినబుద్ధి అయితుందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"కడుపుతోటి ఉన్నోళ్ళకు అది ఉండేదే కదమ్మా," అని రేణుకమ్మ అందుకుంది. "నాకైతే ముప్పై ఏండ్ల సంది ఉన్నది."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "నువ్వు ఇటు రా." రేణుకమ్మ కింది రెప్ప లాగి చూసి, ఆమెకూ పరీక్ష రాసింది. ఆమెకు ఎనిమిది ఉంది. "నీకు కూడా రక్తం లేదమ్మా, బియ్యం తినబుద్ధి అయ్యేది అందుకే. ఆయాసం వస్తుందా? ఊరికే చిరాకు పడతావా?"

రేణుకమ్మ కోడలి వైపు చూసింది. లత నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గోలీలు ఇద్దరూ మింగండి. కానీ గోలీలతోనే అయిపోదు. ఆకుకూర, గుడ్లు, కార్జం తినాలె. మిగిలింది తినుడు కాదు, మీకని పెట్టుకుని తినాలె."

తిరుగు దారిలో రేణుకమ్మ మార్కెట్లో ఆగి కార్జం కొన్నది. మాంసం కొట్టే సైదయ్య ఆమెను ఎరిగినవాడే. "గొర్ల మందున్నోళ్ళు నా కాడ కొంటున్నరేంది?" అన్నాడు. ఆమె పొట్లం తీసుకుని, "మందను అమ్ముకోవుడే గాని ఆడోళ్ళం తినుడు మరిచిపోయినం అన్నా," అన్నది.

ఆ సాయంత్రం రేణుకమ్మ నాలుగు కంచాలు వేసి, అన్నం, కూర గిన్నెలు నడుమ పెట్టింది. లతను పక్కన కూర్చోబెట్టుకుని తానూ కూర్చుంది. కాళ్ళు కడుక్కుని వచ్చిన ఉప్పలయ్య వాకిట్లోనే ఆగాడు.

"ఏందిది? మీరు ముందుగాల కూసుంటే వడ్డించేదెవరు?"

"గిన్నె అందరికీ అందుతది. ఎవలది వాళ్ళు వేసుకుందం."

"కొత్త రివాజులు పెడుతున్నవ్."

రేణుకమ్మ గొంతు పెంచలేదు. "సూడి గొర్రెలను మందల నుంచి ఎందుకు ఏరు చేస్తవయ్యా?"

"చెయ్యకపోతే పొట్టేళ్ళు కుమ్మి మేపంత తింటయ్. వాటికి మిగలది," అన్నాడు ఉప్పలయ్య. అన్నాక కోడలి వైపు చూశాడు. కంచంలో అన్నం పెట్టుకుని, వాకిట్లో మంచం మీద కూర్చుని ఒక్కడే తిన్నాడు.

మిల్లు నుంచి వచ్చిన శ్రీకాంత్ తల్లికీ తండ్రికీ నడుమ కాసేపు నిలబడి, చివరికి లత పక్కన చతికిలబడ్డాడు. కార్జం ముక్కలు ఆమె కంచంలో వేసి, "నాకు చెప్పొద్దా?" అన్నాడు మెల్లగా.

ఉప్పలయ్య అలక కొన్నాళ్ళు సాగింది. ఒకనాటి సాయంత్రం వాన దంచికొట్టి మంచం తడిసింది. గత్యంతరం లేక లోపలికి వచ్చి అందరితో కూర్చున్నాడు. ఆ పూట కోడిగుడ్ల పులుసు. అలవాటుగా రెండోసారి గరిటె ముంచితే అది గిన్నె అడుగుకు తగిలి చప్పుడైంది. లోపల ఒకటే గుడ్డుంది. మామ వేసుకునేదాకా ఆగిన లత కంచంలో ఇంకా ఒట్టి అన్నమే కనపడింది. ఆయన గుడ్డు తీసి కోడలి కంచంలో వేసి, తాను మజ్జిగ పోసుకున్నాడు.

"మామయ్యా, నాకు చాలండి..."

"తిను బిడ్డా."

మరుసటి రోజు మంద తోలుకుని వస్తూ తువాలలో గంగవాయిలి కూర మూట కట్టుకొచ్చాడు. "కాలువ గట్టున మస్తుగున్నది," అని రేణుకమ్మ ముందు పెట్టి పోయాడు. ఆ తర్వాత ఒకనాడు పొన్నగంటి, ఇంకొకనాడు తోటకూర. దాంట్లో పప్పు వేసి కోదాడ పద్ధతిలో లత వండితే, పులుపు తక్కువైందని వంక పెడుతూనే గిన్నె ఖాళీ చేసేవాడు. ఇప్పుడు గిన్నె కూడా పెద్దది పెడుతున్నారు.

దీపావళి నాటికి రేణుకమ్మలో మార్పు వచ్చింది. గడ్డిమోపు ఎత్తుకుని ఆగకుండా ఇల్లు చేరేది. పొద్దుగూకినా ఇంట్లో కేకలు లేవు. నోరు పోయిందా ఏందని ఇరుగుపొరుగు నవ్వితే, "కడుపు నిండింది," అనేది. ఇన్నేండ్లు తన తత్వం అనుకున్నది ఆకలే అయి ఉంటుందని ఆమెకు ఒక్కోసారి అనిపించేది. అప్పుడు తనను చూసి తనకే జాలి వేసేది, ఆ వెంటనే నవ్వూ వచ్చేది.

తిండి కాడ మాటలు కూడా పెరిగాయి. ఉప్పలయ్య చిన్నప్పుడు నాగార్జునసాగర్ దాకా మంద తోలుకుపోయిన ముచ్చట్లు చెప్తుంటే రేణుకమ్మ నోరు తెరుచుకుని విన్నది. అన్నేండ్ల కాపురంలో ఆ ముచ్చట్లు ఆమె చెవిన పడలేదు. ఆయన చెప్పే వేళకు ఆమె ఎప్పుడూ పొయ్యి కాడే ఉండేది.

పుష్యమాసం చివర్లో లతకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు సుఖంగా అయింది, పిల్ల బొద్దుగా ఉంది. చూడడానికి త్రిపురారం నుంచి ఉప్పలయ్య అక్క సోమమ్మ వచ్చింది. ఆమె గడపలో అడుగుపెట్టేసరికి ఇంటిల్లిపాది బువ్వ కాడ ఉన్నారు. బాలింత కూడా పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని తింటున్నది. సోమమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏమిరా తమ్మీ, మొగోళ్ళు ఆడోళ్ళు అంత ఒక్కకాడనేనా?"

ఉప్పలయ్య తన కంచం ఎత్తి గోడ వైపు జరిగాడు.

"జాగా ఉన్నది అక్కా, కాళ్ళు కడుక్కొని రా," అన్నాడు. "కూర సల్లారుతున్నది."