మైనం పెట్టిన గడియ

"కుదిరిందమ్మా నీకు," అన్నారు బంగార్రాజు గారు.

ఆ మాట ఆయన అన్నది చేపలమ్మే సూరమ్మతో. ఆమె ఆ పాకలోకి వచ్చి కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి తొమ్మిది రోజులు. ఎదురు వరుసలో వెన్ను నిటారుగా నిలిపి కూర్చున్న కంచరి వీరబ్రహ్మానికి అది పదకొండో సంవత్సరం. ఈ పదకొండేళ్ళలో బంగార్రాజు గారు అతనితో చాలా మాటలు అన్నారు. "బాగున్నావా" అన్నారు, "దగ్గు తగ్గిందా" అన్నారు. ఆ ఒక్క మాట మాత్రం ఎన్నడూ అనలేదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టి అప్పటికి నలభై ఏళ్ళు కావస్తోంది. బంగార్రాజు గారు కాలువ లాకు మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసి, పడవలకు తలుపులు తీయించి మూయించి, వయసు మీరాక ఆ గట్టునే తాటాకు పాక వేసుకున్నారు. గురువునని ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. పొద్దున్నే ఒక గడియసేపు కదలకుండా కూర్చునేవారు. చూసినవాళ్ళు ఒకరొకరుగా వచ్చి పక్కన కూర్చున్నారు. ఉపదేశమేదైనా చేయమంటే లాకు సంగతే చెప్పేవారు. "రెండు వైపులా నీళ్ళు సమం కాకముందు పదిమంది తోసినా తలుపు రాదు. సమమయ్యాక ఒక్కడు చాలు. నీళ్ళని తొందరపెట్టడం మన చేతిలో పని కాదు నాయనా. కాసుకుని కూర్చోవడం మన చేతిలో పని."

ఈ మాట వీరబ్రహ్మానికి మొదటినుంచీ మింగుడుపడలేదు. చెయ్యి పెట్టనిదే ఏ పనీ కాదని అతని వృత్తి అతనికి నేర్పింది. అతను గడియ కుడుకలు చేసేవాడు. పల్చటి రాగి గిన్నె, అడుగున సూదిమొనంత రంధ్రం. నీళ్ళ గంగాళంలో వదిలితే ఆ రంధ్రంలోంచి నీరు ఎక్కి, సరిగ్గా ఒక గడియకు, అంటే ఇరవైనాలుగు నిమిషాలకు, గిన్నె మునిగి అడుగున ఠంగుమంటుంది. రాజమండ్రి నుంచి మండపేట దాకా పెళ్ళిళ్ళలో ముహూర్తానికి అతని కుడుకే పెట్టేవారు. ఒక్కొక్కదాన్ని ఆనకట్ట ఆఫీసులోని గడియారం పక్కన పెట్టి ఇరవైసార్లు ముంచి చూసిగాని గడప దాటనిచ్చేవాడు కాదు. వీరబ్రహ్మం కుడుక అబద్ధమాడదని ఊళ్ళో పేరు. పాకలో ధ్యానానికి కొలత కూడా అతనిచ్చిన కుడుకే. అది మునిగినప్పుడు అందరూ కళ్ళు తెరిచేవారు.

సూరమ్మ మొదటిరోజు ధ్యానానికి రాలేదు. చేపల బుట్ట దించి, అరికాళ్ళు కాలుతున్నాయని పాక నీడన నిలబడింది. "కూర్చోమ్మా," అన్నారు బంగార్రాజు గారు. స్కూలు మాస్టరు భీమరాజు గారు ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు. ఆమె బుట్టను చూరు కింద ఎడంగా పెట్టి వచ్చి, గుంజకు ఆనుకుని కూర్చుంది. అంతే. మర్నాడూ వచ్చింది.

ఆ తొమ్మిదో రోజు వీరబ్రహ్మం ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చున్నాడు గాని ముద్ద నోటికి వెళ్ళలేదు.

"ఏంటండీ, విస్తరి ముందు కూడా ధ్యానమేనా? పప్పు చల్లారిపోతోంది," అంది భార్య అప్పాయమ్మ.

"ఆ సూరమ్మకి కుదిరిందట."

"సంబంధమా?"

"ధ్యానం!"

అప్పాయమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టి తీరిగ్గా చూసింది. "పదకొండేళ్ళ బట్టి మీరు వెళ్తున్నారు. ఆవిడ తొమ్మిది రోజుల్లో తెచ్చేసుకుంది. సంతకి గోంగూరకి పంపినా మీ పద్ధతి ఇంతే. ముందు వెళ్తారు, అందరూ ఏరుకున్నాక మిగిలింది తెస్తారు."

మర్నాడు కుడుక మునగగానే గట్టు మీద సూరమ్మను కలుసుకున్నాడు.

"సూరమ్మా, కళ్ళు మూసుకుని లోపల ఏం చేస్తావు?"

"ఏం చెయ్యనండి బాబూ."

"ఏదో ఒకటి చెయ్యాలిగా. జపమా? ఊపిరి లెక్కపెడతావా?"

"నాకు ఇరవై దాటితే లెక్కే రాదండి," అని నవ్విందామె. "పడవలో వల తాడు చేతికి సుట్టుకుని కూకుంటామండి. సేప తగిల్తే తాడే సెప్తాది. అందాకా మనం సేసేదేటుంటాదండి? ఊరికే ఉంటాం. ఇక్కడా అలాగే ఉంటానండి."

"ఇక్కడ చేప ఏది మరి?"

"లేదు కాబట్టే బాగుందండి! పడవలో తగిలితే లెగాలి. ఇక్కడేదీ తగల్దు."

వీరబ్రహ్మం ఇంటికి వచ్చి, దొడ్లో జామచెట్టుకు ఒక తాడు కట్టి, రెండో కొస వేలికి చుట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అప్పాయమ్మ పెరట్లోకి వచ్చి చూసి, "తాడేంటండీ? ఏం మర్చిపోకూడదని?" అని అడిగింది. అతను తాడు విప్పేశాడు.

ఆ తరవాత అతను పాకలో ధ్యానం చెయ్యడం మానేశాడనే చెప్పాలి. ఒక కన్ను ఓరగా తెరిచి సూరమ్మను చూసేవాడు. నిద్రపోతోందేమోనని అతని ఆశ. నిద్రపోతే తల ఒరగాలి, దవడ జారాలి. ఒరగలేదు, జారలేదు. నటన అనుకుందామంటే, నటించేవాళ్ళు ఎవరో చూడాలని నటిస్తారు. ఆమెకు తనను ఎవరైనా చూస్తున్నారన్న ధ్యాసే లేదు. ఏ వస్తువునైనా పరీక్షించకుండా నమ్మని మనిషి కనుక పరీక్ష ఇచ్చిన ఫలితాన్ని కాదనలేకపోయాడు. ఒప్పుకోవడంతో కడుపులో మంట తగ్గలేదు, హెచ్చింది. దొంగను చూసి అసూయపడితే కొంత ఊరట ఉంటుంది. ఆమె దొంగ కాదు.

శనివారంనాడు సూరమ్మ కుడుక మునగగానే లేచి, లాకు దగ్గర సిద్ధంగా ఉండే సంత పడవ ఎక్కేది. వారం మొత్తంలో ఆమెకు పెద్ద బేరం అదే. శుక్రవారం సాయంత్రం ఒకసారి చూసి తోముతానని వీరబ్రహ్మం కుడుకను ఇంటికి తెచ్చాడు. అందులో అబద్ధం లేదు, తోమాడు కూడా. ఆ తరవాత కొలిమి పక్క మైనం ముద్దలోంచి ఆవగింజంత తీసుకుని రంధ్రం అంచుకు పులిమాడు. ఎంత పులమాలో అతనికి తెలుసు. దారి మూడో వంతుకు కుదిస్తే గడియ మూడింతలవుతుంది. పడవ బూర వినబడుతుంది, కుడుక మునగదు. ఆమె ఉలిక్కిపడుతుంది, కళ్ళు తెరుస్తుంది, బుట్టకోసం పరుగెత్తుతుంది. కుదిరిన మనిషి ఎంతమాత్రం కుదిరిందో పాకలో అందరూ చూస్తారు. అతను కోరుకున్నది అంతే. అంతకు మించి ఏమీ జరగదని తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు.

మర్నాడు అందరూ కూర్చున్నారు. గడియ దాటింది. జ్యేష్ఠమాసపు ఎండ గుంజ నీడను పొట్టి చేసింది. భీమరాజు గారు రెండుసార్లు దగ్గి, కాలు మార్చి వేసుకున్నారు. కాలువ మీద పడవ సరంగు బూర ఊదాడు. వీరబ్రహ్మం కన్ను సూరమ్మ మీదే ఉంది. ఆమె రెప్ప కదల్లేదు. మళ్ళీ బూర. లాకు తలుపుల కిర్రుమన్న చప్పుడు, గెడల చప్పుడు, పడవ వెళ్ళిపోయిన చప్పుడు. చూరు కింద కాకులు చేరాయి. ఒకటి బుట్ట మీది తడిగోనె లాగింది.

లేచి కాకుల్ని తోలవచ్చు. దగ్గవచ్చు. చేతి వేలితో కుడుకను ఒక్క నొక్కు నొక్కితే ఠంగుమంటుంది, అంతా ముగుస్తుంది. ఇవన్నీ తన చేతిలో ఉన్నాయని వీరబ్రహ్మానికి తెలుసు. ఒళ్ళో ఉన్న తన చేతిని చూసుకున్నాడు. దాన్ని ఎవరూ కట్టెయ్యలేదు. అది కదల్లేదు.

కుడుక మునిగేసరికి పొద్దు బాగా పైకెక్కింది. సూరమ్మ కళ్ళు తెరిచి, నీడను చూసి, కాలువను చూసి, బయటికి పరుగెత్తింది. పడవ లేదు. బుట్టలో సగం కాకుల పాలైంది. మిగతా చేపల కళ్ళు అప్పటికే తెల్లబడ్డాయి. ఆమె ఏడవలేదు. బుట్ట పక్కన చతికిలబడి, "నాదే తప్పండి, ఒళ్ళు మర్సిపోయాను," అంది.

"ఇవాళ గడియ పెద్దదైనట్టుంది," అన్నారు బంగార్రాజు గారు సందేహంగా.

"అలా ఎలా అవుతుందండీ? కుడుక చేసింది వీరబ్రహ్మం గారు!" అన్నారు భీమరాజు గారు. "మన మనసులే బరువెక్కాయి. పాపం, సూరమ్మకి ఇలా రాసిపెట్టి ఉంది. ఎవరేం చేస్తారు?"

వీరబ్రహ్మం కుడుకను నీళ్ళలోంచి తీసి, బొటనవేలి గోరుతో మైనం గీకేశాడు.

సూరమ్మ మరి రాలేదు. గుంజ దగ్గర చోటు ఖాళీ అయింది. తన మనసు ఇప్పుడు కుదుటపడుతుందని వీరబ్రహ్మం ఎదురుచూశాడు. కళ్ళు మూస్తే ఆ గుంజ, ఆ చూరు, తెల్లబడ్డ చేప కళ్ళు. ఊపిరి లెక్కపెట్టడం మరిచిపోయేవాడు, కాలు తిమ్మిరెక్కినా తెలిసేది కాదు, కుడుక మునిగినా వినబడేది కాదు. ఎనిమిదో రోజున అందరూ లేచాక కూడా అతనలాగే కూర్చుని ఉన్నాడు. బంగార్రాజు గారు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"కుదిరింది, వీరబ్రహ్మం. నీకూ కుదిరింది."

భీమరాజు గారు వంగి నమస్కారం చేశారు.

పదకొండేళ్ళ పాటు ఆకలితో ఉన్నవాడికి విస్తరి వేసి మట్టి వడ్డించినట్టయింది. తన తలలో అంతసేపూ ఏముందో అతనికి తెలుసు. ఆ పెద్దాయనకు తెలియలేదు. బయటినుంచి చూస్తే కుదిరినవాడూ కుళ్ళినవాడూ ఒకేలా కూర్చుంటారన్నమాట! ఇన్నాళ్ళూ తను ఎదురుచూసిన మాట తూకం తెలియని చేతిలోంచే వచ్చిందా? అయితే సూరమ్మకిచ్చిందీ అంతే కావచ్చు. ఈ ఆలోచన ఒక క్షణం అతనికి ఎంతో తియ్యగా తోచింది. మరుక్షణమే చేదెక్కింది. సూరమ్మ విషయంలో బంగార్రాజు గారి మాట అవసరం లేదు, చూసినవాడు తనున్నాడు.

ఇంటికి వెళ్ళకుండా ఏటి ఒడ్డున పల్లెకారుల పాకలకేసి నడిచాడు. సూరమ్మ గుమ్మంలో కూర్చుని తెగిన వల అల్లుతోంది. అతన్ని చూసి గాభరాగా లేచింది.

"మీరొచ్చారేంటండీ? కబురెడితే నేనే వద్దును గదండీ!"

"ఆ రోజు గడియ పెద్దది కావడం నీ తప్పు కాదు. కుడుక రంధ్రానికి నేను మైనం పెట్టాను."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"దేనికండీ?"

"నీకు కుదిరిందన్నారని."

సూరమ్మ మెల్లగా మళ్ళీ కూర్చుంది. "మైనమా," అంది. "మైనమాండీ! దేవుడు సేశాడనుకుని నోరు మూసుకున్నానండి నేను. ఎనిమిది రోజులు! మా ఆయన 'దెయ్యం పట్టిందే నీకు' అంటే, కామోసనుకున్నాను. మళ్ళీ లెగలేనేమోనని పడవలో కూడా కళ్ళు మూయడం మానేశానండి. తాడు సేతిలో ఉంటే భయం, కూకుంటే భయం. దేవుణ్ణి తిట్టకూడదని ఊరుకున్నాను. మడిసా సేసింది! మడిసయితే తిట్టొచ్చు!"

తిట్టింది. అతని కంచర వృత్తితో మొదలుపెట్టి, కొలిమికీ, చేతివేళ్ళకూ, పదకొండేళ్ళ కూర్చోవడానికీ ఏ ఒక్కదానికీ తక్కువ చెయ్యకుండా తిట్టింది. చుట్టుపక్కల పాకల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూశారు. వీరబ్రహ్మం తలవంచుకుని నిలబడ్డాడు. ఆ తిట్లలో ఎక్కడా తడబాటు లేదు. ఆమె మనసంతా వాటిలోనే ఉంది. దానికి కూడా తనకు అసూయ కలుగుతోందని గమనించి అతనికి సిగ్గేసింది.

ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఆమె గొంతు తగ్గించింది.

"పోనీ, మీరు సెప్పండి బాబూ. పెద్దాయన నాతో అన్నమాట నిజమేనాండీ? నిద్దరోయానేమోనని నాకే అనుమానం పట్టుకుంది."

ఏమో అనవచ్చు. పెద్దాయన పొరపడతాడు, నాతోనూ అన్నాడు అనవచ్చు. అదీ అబద్ధం కాదు. రెండు మాటలూ అతని నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. ఆమె వలను ఒళ్ళో పెట్టుకుని అతని ముఖంకేసి చూస్తోంది.

"నిద్ర కాదు," అన్నాడు వీరబ్రహ్మం. "కళ్ళు తెరిచి రోజూ నిన్నే చూశాను. పొరపాటు పట్టుకోవాలనే చూశాను. దొరకలేదు. ఆ పాకలో నిజంగా కూర్చున్నదానివి నువ్వొక్కర్తివే."

ఆ మాటలు బయటికి వచ్చేటప్పుడు పంటిని చిగుళ్ళతో సహా పీకినట్టు నొప్పి పుట్టింది. వచ్చాక ఆ నొప్పి తగ్గిందని చెప్పడానికి లేదు.

సూరమ్మ ఒళ్ళోని వలకేసి తల దించుకుంది.

"రేపు పాకలో అందరికీ చెప్పేస్తాను," అన్నాడు. "నువ్వు కూడా రావాలి."

"సెప్పడం మీ పనండి, సెప్పండి," అంది సూరమ్మ వల అందుకుంటూ. "రావడమా, మానడమా అన్నది మాత్రం నా ఇష్టం. అది మీరు సెప్తే కాదు."

ఆమె వలలో తెగిన కన్ను దొరికించుకుని ముడి వేసింది, తరవాతిది వెతుక్కుంది. నాలుగో ముడికల్లా ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉన్నాడన్న సంగతే ఆమె మరిచిపోయింది. వీరబ్రహ్మం ఆ వేళ్ళనే చూస్తూ, వెళ్ళాలని తెలిసి కూడా, ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు.