ఇన్వర్‌లాగ్ పెద్దమనుషుల కోట్లు

నా రాతలో గుణింతాలు తప్పితే సర్దుకుని చదవండి. యాభై తొమ్మిదో ఏట పలక పట్టినదాన్ని. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను.

2014లో న్యూజిలాండులోని మా డునెడిన్‌లో ఒక చర్చి హాలులో పాత ఫోటోల ప్రదర్శన పెట్టారు. స్కాట్లాండులో సరస్సును లాక్ అంటారు. ఆ లాక్‌ల ఒడ్డు ఊళ్ళూ, అక్కడి పెద్దమనుషులూ ఉన్న ఫోటోలవి. మా పక్కింటి మోరాగ్ కూడా ఒకటి ఇచ్చింది. ఆమెకు ఎనభై ఒకటి. వాళ్ళ తాత ఇన్వర్‌లాగ్ అనే ఊళ్ళో పడవలు కట్టేవాడట.

ఫోటోలో రేవు మీద ముగ్గురు నిలబడి ఉన్నారు. తాతా నాయనమ్మా మోరాగ్ నాన్న పసితనంలోనే పోయారు. నాయనమ్మ ఒక చీటీ మీద వరస రాసిపెట్టింది: ఎడమ నుంచి జమీందారు గుమాస్తా, మధ్యలో పాస్టరు, కుడి చివర తాత. పేదలను ఇళ్ళలోంచి వెళ్ళగొట్టించింది ఆ గుమాస్తానే. అందుకే ఫోటో ఎవరు చేతిలోకి తీసుకున్నా ముందు అతని ముఖాన్ని బొటనవేలితో నలపడం వాళ్ళింటి ఆచారం. నలిపీ నలిపీ ఆ ముఖం తెల్లమచ్చ అయిపోయింది. కుడి చివర లావాటి తాత మాత్రం నిగనిగలాడుతున్నాడు.

ప్రదర్శనకు ముందురోజు మోరాగ్‌కు సాయంగా నేనూ, మా అమ్మాయి నవీనా వెళ్ళాం. హన్మకొండలో మా ఆయన కోట్లు కత్తిరిస్తే ముప్పై ఏళ్ళు కాజాలు కుట్టింది నేనే. ఆయన పోయాకే ఇక్కడికి వచ్చాను. ఫోటో చూడగానే నా కన్ను గుండీల దగ్గర ఆగిపోయింది.

"నవీనా, వీళ్ళు ముగ్గురూ ఆడోళ్ళ కోట్లు తొడుక్కున్నరేందే?"

"అమ్మా, ఊకో! అందరూ వింటున్రు."

"వింటే ఏమర్థమైతది వాళ్ళకు? సరిగ చూడు. మగోళ్ళకు కాజాలు ఎడమ పక్క, గుండీలు కుడి పక్క. ఇక్కడ ముగ్గురికీ ఉల్టా ఉన్నది. ఒక్క టైలర్ తప్పు చేస్తడు గానీ, ముగ్గురూ చేస్తరా? ఫోటోనే తిరగబడ్డది."

నవీన ఇంగ్లీషులో చెప్పింది. ప్రదర్శన చూసుకునే రిటైర్డ్ టీచరు గ్రాహం నవ్వాడు. "ఆ ఊరి ఫ్యాషనేమో."

"మా అమ్మ వేల కాజాలు కుట్టింది, గ్రాహం. నువ్వెన్ని కుట్టావు?"

మోరాగ్ మాత్రం నవ్వలేదు. ఫోటో తిరగబడితే ఈ చివరివాడు ఆ చివరికి వెళతాడు. అప్పుడు లావాటివాడు గుమాస్తా. ఇంటిల్లిపాదీ నలిపింది తాతను.

"రేపే ప్రారంభం. లేబుళ్ళు అచ్చయ్యాయి. ఈసారికి వదిలేద్దాం," అన్నాడు గ్రాహం.

"మా తాత ముఖం ఏదో తెలియకుండా వదిలేయమంటావా?" అంటూ మోరాగ్ కర్ర తీసుకుని లేచింది.

ఆ ఫోటో తీసిన గాజు పలక, అంటే ఆ కాలపు నెగెటివ్, ఆమె ఇంట్లో ఉన్ని బట్టలో చుట్టి ఉంది. నవీన కారులో వెళ్ళి తెచ్చాం. గ్రాహం దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మసక పూత ఉన్న వైపు కాగితానికి ఆనాలి. తర్వాతెప్పుడో ఎవరో తిరగేసి కాపీ తీశారు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి తల వంచాడు. నేనూ హుందాగా తల ఊపాను. నాకు ముందే తెలుసు కదా.

మర్నాటి పొద్దుటికి కొత్త కాపీ వచ్చింది. కుడి చివర సన్నటి మనిషి, చేతిలో టోపీ, పొడుగు ముక్కు. మోరాగ్ ఫోటో అద్దం దగ్గరికి వంగింది.

"ఇది మా నాన్న ముక్కు," అంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "డెబ్బై ఏళ్ళు తాతనే నలిపాను, రత్నా. ఎంత మంచివాడో చూడు, ఒక్క మాట అనలేదు."

ఎడమ చివరి లావాటాయనను చూపించి, నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను: "మరి ఈయన్ను నలుపుతారా?"

ఆమె బొటనవేలు అద్దం దాకా వెళ్ళి ఆగింది.

"వద్దు. ఒకసారి పొరపడిన వేలు ఇది."

రాసింది శేషారత్నం. నాకిప్పుడు అరవై ఏడేళ్ళు. డునెడిన్‌లో కూతురింట్లో ఉంటున్నాను.