అడ్డంగా ఊపిన అవును

ఆగస్టు చివరి వారం మొదలయ్యేసరికి నా చేతిలో ఉన్నవి ఇవీ: బల్గేరియాలోని మా సెవ్లియెవో ఊరి బజారులో ఒక ఇరుకైన ఇనుప సామాన్ల కొట్టు, క్యాప్సికం కాల్చే కరెంటు పొయ్యిలు పన్నెండు, పొగగొట్టాల ముక్కలు ఒక గుట్ట, నాకంటే రెండింతలు తెలివైన భార్య నెద్యాల్కా, వీటన్నిటి మీదా ఒకే ఒక్క ఆశ. ఆ ఆశ సీసా మూతల మీద.

నవ్వకండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ చలికాలానికి కూరలు సీసాల్లో పెడతారు. సీసా పాతదే, ఏటా కడిగి వాడతారు. మూత మాత్రం కొత్తది కావాలి. మూతల కోసం వచ్చినవాళ్లే పొయ్యి కొంటారు, పొయ్యి కొన్నవాళ్లే మేకులూ కొంటారు. మూతలు లేని కొట్టులోకి ఆ మూడు నెలలూ ఈగ తప్ప ఎవరూ రారు. ఫ్యాక్టరీవాళ్లు ఊరికి ఒక్క కొట్టుకే మూతలిస్తారు. రెండేళ్లుగా నాకిచ్చారు. ఈసారి ఎదురు వరసలోని దిమో కూడా అడిగాడు. అవి అతనికి పోతే నేను షట్టరు దించేసి మా బావమరిది కార్ల పార్కింగులో కాపలా కుర్చీ మీద కూర్చోవాలి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి.

ఫ్యాక్టరీ తరఫున తిరిగే ఇస్క్రా పెన్కోవా మేడమ్ ముందే చెప్పింది. "గురువారం పొద్దున ఫోన్ చేస్తాను మింకో. నువ్వు ఎత్తితే నీకు. లేదంటే దిమోకి."

ఫోను ఎత్తడమే నాకు పెద్ద చిక్కు. రోజంతా పొగగొట్టాలు కోస్తుంటాను, చేతులు మసి. మసి వేళ్లతో ఎంత రుద్దినా ఈ కాలపు ఫోనుకి నా వేలు వేలులా కనబడదు. అది చూసి నెద్యాల్కా నా పుట్టినరోజుకి వెబ్‌లో ఇయర్‌బడ్స్ తెప్పించింది.

వెబ్‌లో కొనడం నాకు గిట్టదు. అక్కడ ధర ఉంటుంది గాని, ధర చెప్పినవాడి మొహం ఉండదు. మొహం లేనివాడితో బేరం ఎలా ఆడతాం? నాలుగున్నర నక్షత్రాలంటారు. ఆ నక్షత్రాలు వేసిందెవరో, వాళ్లకి ఇతనెంత బాకీయో మనకేం తెలుసు? అయినా వచ్చిన వస్తువు వచ్చింది. ఫోను తెర మీద నలభై పేజీల షరతులు చూపించి ఒప్పుకుంటావా అని అడిగింది. ఒక్క ముక్క చదవకుండా నొక్కేశాను. బజారులో నలభై పేజీల కాగితం చదవకుండా సంతకం పెట్టినవాణ్ని నేనే వెర్రివాడంటాను.

గురువారం పొద్దున నెద్యాల్కా ఆ రెండు బుడిపెల్నీ నా చెవుల్లో పెట్టింది.

"చేతులతో పనే లేదు. ఫోన్ వస్తే చేసిందెవరో చెవిలో పేరు చెబుతుంది. నువ్వు తలతో అవునంటే ఎత్తుతుంది, కాదంటే కట్ చేస్తుంది."

"తలతో చెబితే దానికెలా తెలుస్తుంది?"

"నీ తలలో ఏముందో దానికక్కర్లేదులే. తల కదిలితే చాలు."

తొమ్మిదిన్నరకి చెవిలో ఒక ఆడగొంతు "ఇస్క్రా పెన్కోవా" అంది. గొట్టం రెండు చేతులతో పట్టుకునే, మా ఊరివాళ్లం అవుననేటప్పుడు ఊపినట్టే తల అటూ ఇటూ నిండుగా ఊపాను. గొంతు ఆగిపోయింది. నిశ్శబ్దం.

కట్ చేసింది ఆవిడే అనుకున్నాను. ఫోన్ చేసి వెంటనే కట్ చేసిందంటే నన్నే చెయ్యమని అర్థం. ముందు ఫోన్ చేసినవాడికే అవసరం ఎక్కువ, బేరంలో ఆ మెట్టు దిగితే మళ్లీ ఎక్కలేం. నేను చెయ్యను, అనుకుని గొట్టం కోసుకున్నాను.

పావుగంటకి మళ్లీ "ఇస్క్రా పెన్కోవా". ఈసారి ఇంకా గట్టిగా ఊపాను, మెడ కటుక్కుమంది. మళ్లీ నిశ్శబ్దం. పదిన్నరకి మూడోసారి. అప్పుడు తలతోపాటు భుజాలూ ఊపాను. ఫలితం మారలేదు.

ఆ తర్వాత తెలియని నంబరొకటి వచ్చింది. ఇలాంటివాళ్లతో పని లేదని, మేం కాదనేటప్పుడు చేసినట్టు గడ్డం పైకెత్తి నాలుకతో "చ్" అన్నాను. ఠక్కున చెవిలో ఒకడు మొదలెట్టాడు.

"నమస్కారం సార్! నీళ్లు శుద్ధి చేసే యంత్రానికి మీరు ఎంపికయ్యారు."

"నేనేం ఎంపిక కాలేదు. పెట్టెయ్."

"మీ ఇంట్లో నీళ్ల రుచి ఎలా ఉంటుంది సార్?"

"మా ఇంట్లో నీళ్లు ఎవరూ తాగరు," అన్నాను. వాడు నవ్వి ఇంకా హుషారెక్కాడు. వదిలించుకుందామని గడ్డం ఎత్తుతూ, దించుతూ, చప్పుడు చేస్తూ తొమ్మిది నిమిషాలు గడిపాను. చివరికి గొంతెండిపోయి వాడే మానుకున్నాడు.

మధ్యాహ్నం నెద్యాల్కా పెరుగు సూప్ గిన్నెతో వచ్చింది. జరిగింది చెప్పాను. ఆమె గిన్నె బల్ల మీద పెట్టి, ఇయర్‌బడ్స్ డబ్బాలోంచి చిన్న కాగితం తీసింది. అందులో పద్దెనిమిది భాషలున్నాయి, మన బల్గేరియన్ లేదు. ఒక బొమ్మ ఉంది.

"ఇటు చూడు. ఈ తలకి బాణం పైకీ కిందికీ ఉంది. కింద ఫోన్ ఎత్తినట్టు గుర్తు."

"బొమ్మ తప్పు వేశారు."

"బొమ్మ తప్పు కాదయ్యా. అది వేరే దేశం తల. వాళ్లు పైకీ కిందికీ ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు."

సూప్‌లో దోసకాయ ముక్కలు తేలుతున్నాయి.

"అంటే నేను ఆవిడ ఫోన్..."

"మూడుసార్లు మొహం మీదే కట్ చేశావు."

బేరం మెట్టూ లేదు, ఏమీ లేదు, చేతులు కడుక్కుని వెంటనే ఫోన్ చేశాను. ఆవిడ ఫోన్ స్విచాఫ్. మళ్లీ చేశాను, స్విచాఫే. ఎదురుగా దిమో కొట్టు ముందు నేల ఊడుస్తూ కనబడ్డాడు. పెట్టెలు దింపడానికి చోటు చేస్తున్నాడేమో అనుకున్నాను.

"ఆ బుడిపెలు తీసెయ్," అంది నెద్యాల్కా.

"డబ్బు పోసి కొన్నవి. వాటి భాషే నేర్చుకుంటా. ఆవిడ మళ్లీ చేస్తే?"

ఇక అప్పట్నుంచి సాధన. నెద్యాల్కా గల్లా దగ్గర కూర్చుని నాకు ఫోన్ చేస్తుంది, నేను పైకీ కిందికీ ఊపి ఎత్తుతాను. మొదట్లో తల ఒకటి, మెడ ఒకటి అన్నట్టు కదిలాయి. ముప్పైసార్లు అయ్యాక మెడకి పట్టుబడింది. మధ్యలో ఒక ముసలావిడ వచ్చి "నాయనా, కాల్చే పొయ్యిలున్నాయా?" అంది. ఉన్నాయని సంతోషంగా పైకీ కిందికీ ఊపాను. "అయ్యో, అయిపోయాయా?" అంటూ వెళ్లిపోయింది. ఆవిడ వెనక పన్నెండు పొయ్యిలూ వరసగా నిలబడి చూస్తున్నాయి.

అయిదు గంటలకి ఫ్యాక్టరీ వ్యాను కొట్టు ముందు ఆగింది. ఇస్క్రా పెన్కోవా దిగి, తలుపు ధడేలుమని వేసింది.

"ఏమయ్యా మింకో! నా ఫోన్ మూడుసార్లు కట్ చేస్తావా? ఇంతవరకు నా ఫోన్ కట్ చేసిన మగాడు మా ఆయనొక్కడే. ఆయన ఇప్పుడు మా ఆయన కూడా కాదు."

"మేడమ్, అది..."

"ఆగు, నన్ను చెప్పనీ. మొదటిసారి వేలు జారిందనుకున్నా. రెండోసారి కోపమొచ్చింది. మూడోసారి అనుమానమొచ్చింది. ఇంత ధీమాగా కట్ చేస్తున్నాడంటే వేరే ఫ్యాక్టరీవాళ్లెవరో నీకు మూతలిస్తామన్నట్టే. దిమోకి చేశాను. నా మాట పూర్తికాకముందే సరే సరే అన్నాడు. ధరైనా అడగలేదు. ధర అడగనివాడు రేపు డబ్బు కడతాడా? ఫోన్ ఆపేసి తిన్నగా ఇటే వచ్చా. చెప్పు, నలభై పెట్టెలు, డబ్బంతా ముందే. తీసుకుంటావా?"

తీసుకోకుండా ఎక్కడికి పోతాను? తల ఊపాను. మధ్యాహ్నమంతా నేర్చుకున్న మెడ కదా, పైకీ కిందికీ ఊపింది.

ఆవిడ మొహం ముడుచుకుంది. "తెలుసు, ఒప్పుకోవని. సరే, సగం ముందు, సగం అమ్మాక."

ఆనందం పట్టలేక ఇంకా వేగంగా ఊపాను, మళ్లీ పైకీ కిందికీ.

"అబ్బ, ఏం మనిషివయ్యా! అమ్ముడుపోక మిగిలినవి అక్టోబరు చివర దిమితర్ పండుగ నాటికి వెనక్కి తీసుకుంటా. ఇదివరకెవరికీ ఇవ్వలేదు."

నేను మళ్లీ ఊపాను. అప్పుడు కంటికొసన నెద్యాల్కా కనబడింది. పెదవి కొరుక్కుని, ఎర్రబడిపోయి, నవ్వు బిగపట్టుకుంటోంది. నేను చేస్తున్నదేమిటో నాకప్పుడు తెలిసింది. ఇస్క్రా మేడమ్ అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఇక నా వల్ల కాదు. దిమోకే ఇస్తా. ధర అడక్కపోతే పోనీ."

ఆవిడ గుమ్మం దాటుతోంది. నోరు తెరిచాను గాని, ఆ రోజంతా తలతోనే మాట్లాడినందుకేమో మాట రాలేదు. సరిగ్గా అప్పుడే, వ్యాను చూసి ఆరా తీయడానికేమో అతను ఫోన్ చేశాడు, చెవిలో ఆడగొంతు "దిమో" అంది.

పరుగెత్తి మేడమ్ ముందు నిలబడి, మా నాన్నా తాతా ఊపినట్టు తల అడ్డంగా ఊపాను, ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి. ఆవిడ ఆగి చూసింది. చెవిలో దిమో పేరు ఆగిపోయింది.

"అంటే అవుననేగా?"

మళ్లీ అడ్డంగా ఊపాను.

"మొండి ఘటానివి," అంటూ రసీదు పుస్తకం తీసింది.

ఆ గురువారం లెక్క ఇలా తేలింది. పోయినవి ఒక ముసలావిడ బేరం, తొమ్మిది నిమిషాలు, మెడలో కొంత నూనె. వచ్చినవి నలభై పెట్టెల మూతలు, సగం డబ్బు అమ్మాక, మిగిలితే వెనక్కి. బేరమాడింది నేను కాదు, నా మెడ, అదీ తెలియకుండా. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఒక్క తల ఊపుతో ఇస్క్రా మేడమ్‌కి అవునని, దిమోకి కాదని చెప్పగలిగాను. ఒకే ఖర్చుతో రెండు పనులు చేయించుకున్న వర్తకుణ్ని నేనింతవరకు చూడలేదు. అన్నిటికన్నా పెద్ద లాభం మాత్రం నెద్యాల్కాకే దక్కింది. ఇంట్లో కొత్త మంచం కొందామా అని అడిగి, నేను తల ఎటు ఊపినా తనకి కావలసిన దేశం లెక్కనే చదువుకుంటోంది. మంచం శనివారం వచ్చింది.