గట్టు లెక్క, గాడి లెక్క

కీత్ ట్రెంబాత్ తన తూటాని నాలుగువందల యాభై ఎనిమిది అంటాడు. అతని బావమరిది లిండ్సే ఫిట్స్నర్ తన తూటాని నాలుగువందల యాభై అంటాడు. రైఫిలు గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లూ, వాటి మధ్య గట్లూ ఉంటాయి. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన గాడి నుంచి గాడికి కొలిస్తే పెద్ద అంకె, గట్టు నుంచి గట్టుకి కొలిస్తే చిన్న అంకె. గొట్టం ఒకటే. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసీ పద్ధెనిమిదేళ్లు కొట్టుకున్నారు. అంకె గురించి కాదు. భుజం గురించి.

మనిషికిలాగే తూటాకీ మెడా భుజమూ ఉంటాయి. భుజం జారుగా ఉండాలని కీత్ అంటాడు. అడవిదున్న మీదికొస్తున్నప్పుడు తూటా రైఫిల్లోకి వెన్నలో వేలు దిగినట్టు దిగాలట. భుజం ఎత్తుగా ఉండాలని లిండ్సే అంటాడు. మందు ఎక్కువ పడుతుందట. ఎవరి తూటా వాళ్లే తయారు చేసుకుని, పెళ్లినగలాగా తోలుసంచిలో దాచుకునేవాళ్లు. ఒకరిది ఇంకొకరు ముట్టిన పాపాన పోలేదు. మాటలు కూడా లేవు. తిట్టుకోవాలన్నా మధ్యలో గ్వెండా ఉండాలి. ఆమె కీత్‌కి భార్య, లిండ్సేకి అక్క.

"గ్వెండా, నీ తమ్ముడి తూటా దున్నకి దోమకాటని చెప్పు."

"అక్కా, మీ ఆయన తూటా తగిలితే దున్న ఆగి మరీ దణ్ణం పెట్టి పోతుందని చెప్పు, వీపు గోకినందుకు."

ఆ జూన్ నెలలో, దక్షిణాన ఒక ఇత్తడి ఫ్యాక్టరీ మా మేరీ నది తుపాకుల క్లబ్బుకి ఉత్తరం రాసింది. మీ ఊరి తూటాకి మందు కూరే ఇత్తడి గుల్లలు చేసిపెడతాం, అడుగున పేరు కొట్టిస్తాం, చోటు తొమ్మిది అక్షరాలకే ఉంది, ఒక్క పేరే పంపండి అని. ముందు ఎవరు తయారుచేస్తే వాళ్ల పేరు. ముందు నేనే, రెండోవాడు నాది చూసి చేశాడని ఇద్దరూ అన్నారు. క్లబ్బు కార్యదర్శి నొరీన్. మా పోస్టాఫీసు నడిపేదీ ఆమే. శనివారం రెండు రైఫిళ్లూ తెండి, తూటా కూర్చునే గదిలో గంధకం కరిగించి పోసి అచ్చు తీస్తాను, ఒకరిది ఒకరు చూసి చేశారో లేదో తేలిపోతుంది అంది.

కీత్‌కి డెబ్బై ఒకటి. పిల్లల్లేరు. "నేను పోయాక ఇత్తడి మీదైనా నా పేరుండాలిరా" అన్నాడు నాతో. రెండు రోజుల తర్వాత లిండ్సే వచ్చి అదే మాట అన్నాడు. నేను రెండుసార్లూ తలూపాను. ఆ రెండు రైఫిళ్లూ చేసింది నేనే. నోరు విప్పను కాబట్టి నన్నిక్కడ వాగుడుకాయ అంటారు. ఎర్రజుట్టువాణ్ణి నీలయ్య అని పిలిచే జనం మావాళ్లు.

శనివారం క్లబ్బు మైదానానికి అందరూ వచ్చారు. మాంసం కూరి కాల్చిన పైలు వేడిచేస్తున్న పొయ్యి మీదే నొరీన్ గంధకం కూడా పెట్టింది.

"పై ఎలా ఉంది?" అని ఎవరో అడిగారు.

"యముడు వండినట్టుంది."

అచ్చులు రెండూ పచ్చగా బయటికొచ్చాయి. నొరీన్ మైక్రోమీటరుతో ఒకసారి కొలిచింది. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి కొలిచింది. మూడోసారి కొలిచి తలెత్తింది.

"రెండూ ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు."

కీత్, లిండ్సే ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"నేను చెప్పలా! దొంగ!"

"దొంగ! నేను చెప్పలా!"

"గ్వెండా, నీ తమ్ముణ్ణి జైల్లో పెట్టిస్తానని చెప్పు!"

"అక్కా, మీ ఆయన పక్క గది మాత్రం నాకొద్దని చెప్పు! గురక!"

"ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం లేదు," అని గ్వెండా అరిచింది. "నేనేమన్నా పోస్టాఫీసునా?"

"పోస్టాఫీసు నేను," అంది నొరీన్.

కీత్ చేతిలో పై గాల్లోకి లేచింది. లిండ్సే వంగాడు. వెనక నిలబడ్డ క్లబ్బు అధ్యక్షుడు వంగలేదు. సాసు గడ్డం మీంచి కారుతుంటే ఆయన హుందాగా నాకి, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. లిండ్సే కుర్చీ ఎత్తాడు.

నేను లేచాను. నేను లేస్తే బీరు కోసమని జనం అనుకుంటారు.

"రీమర్ ఒకటే," అన్నాను.

కుర్చీ గాల్లోనే ఆగింది.

"ఏంటీ?" అంది నొరీన్.

"తూటా గదిని తొలిచే రీమర్. రెండు రైఫిళ్లూ దాంతోనే తొలిచా."

నా జన్మలో అంత పొడుగు మాట నేనెప్పుడూ అనలేదు. అయినా వదల్లేదు వాళ్లు. చెప్పాల్సొచ్చింది. పద్ధెనిమిదేళ్ల కిందట వానాకాలంలో రోడ్డు మునిగిపోయింది. షెడ్డులో మంచి ఉక్కు కడ్డీ ఒక్కటే ఉంది. సోమవారం కీత్ తన తూటా బొమ్మ గీసిన కాగితం తెచ్చి, ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు. గురువారం లిండ్సే కాగితం తెచ్చి, ఇంకా గట్టిగా ఒట్టేయించుకున్నాడు. రీమర్ చేత్తో సానపట్టడానికి పదకొండు రోజులు పడుతుంది. రెండు కాగితాలూ కిటికీ అద్దం మీద ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. భుజం దగ్గర తప్ప ఎక్కడా తేడా లేదు. అక్కడ కూడా పెన్సిలు గీత మందం. ఇద్దరికీ ఒట్టేశాను, ఎవరికి చెప్పను?

"ఎవరి గీత ప్రకారం సానపట్టావ్?" అన్నారిద్దరూ.

ఎవరి పేరు చెబితే ఇత్తడి మీద ఆ పేరు. రెండోవాడు నాకిక లేనట్టే. ఇద్దరూ నా మూతి వంకే చూస్తున్నారు.

"ఎవరిదీ కాదు. మధ్యలో."

"మధ్యలోనా?"

"రెండు గీతల మధ్యా సందుందిగా. అందులో."

ముందు గ్వెండా నవ్వింది. "పద్ధెనిమిది క్రిస్మస్‌లురా! రెండు బల్లలేశాను! రెండు పంది హామ్‌లు కాల్చాను!" అంటూ ఐసుపెట్టె మీద కూలబడి నవ్వింది. పెట్టె మూత విరిగి ఐసులో కూర్చుండిపోయి కూడా నవ్వింది. మైదానమంతా నవ్వింది. ఆ ఇద్దరూ నవ్వలేదు. ఇద్దరూ నాకిక లేనట్టే అనుకున్నాను.

కీత్ అచ్చుని చేతిలోకి తీసుకుని బొటనవేలితో భుజం తడిమాడు.

"ఇది నా జారుభుజం కాదన్నమాట."

"కాదు."

"నా భుజం ఇంతవరకూ ఎవరూ తొలవనే లేదు."

"లేదు."

అతని మొహం పెళ్లికొడుకు మొహమైపోయింది. "అయితే నా తూటా ఇంకా పుట్టనేలేదు!"

"నాదీ పుట్టలేదు బావా!" అని లిండ్సే కుర్చీ వదిలేశాడు. బావ అని తిన్నగా మొహంలో మొహం పెట్టి అన్నాడు. ఆ మాట గ్వెండా ఒక్కతే పట్టుకుంది, ఐసులోంచి.

"ఈ నడిమిదే ఇంత కొడితే, నాది ఇంకెంత కొడుతుందిరా!"

"నాది కొడుతుంటే నీది పక్కన చప్పట్లు కొట్టాలి బావా!"

"చూద్దాం!"

"చూద్దాం పద!"

ఒకరి కాలరు ఒకరు పట్టుకుని గిరగిరా తిరిగారు. అది కొట్లాటో గంతులో చూసేవాళ్లకి తెలియలేదు. నొరీన్ ఫ్యాక్టరీకి పంపాల్సిన ఫారం పట్టుకుని వాళ్ల చుట్టూ తిరిగింది.

"పేరు చెప్పండర్రా! ఇవాళే టపాలో వెయ్యాలి!"

"దీనికి మా పేరెందుకు?" అన్నాడు కీత్. "ఇది మాది కాదుగా."

"నడిమి సరుకు," అన్నాడు లిండ్సే. "ఏ పేరైనా పెట్టుకో. మాది పుట్టాక మేమే ఉత్తరం రాస్తాం."

చెరో రెక్కా పట్టుకుని నన్ను ట్రక్కులోకి ఎక్కించారు. తడిసిన గౌనుతో గ్వెండా స్టీరింగు పట్టుకుంది. నా షెడ్డు యాభై కిలోమీటర్లు. ముందు నా రీమర్ అని ఒక చెవిలో, ముందు నాది అని ఇంకో చెవిలో. ఆమె గేరు మార్చాలంటే ముసలాళ్లం ముగ్గురం ఒక్కసారే మోకాళ్లు పక్కకి తిప్పాలి. తిప్పాం.