తిరగేసి ముద్రించిన మనిషి

నేను ఒక ఫోటోను. నాలో ఉన్న మనిషి గోదావరిలో పోయిన రోజున నేను విజయవాడలో వెంకటాచలం గారి బల్ల మీద, పేపర్‌వెయిట్ కింద ఉన్నాను. శ్రావణ మాసం, బుధవారం. మధ్యాహ్నం ఫోను మోగింది. వెంకటాచలం గారు "ఎంతమంది?" అని అడిగారు. తరవాత "మనవాడు కూడానా?" అన్నారు. ఫోను పెట్టేసి, పేపర్‌వెయిట్ తీసి, నన్ను కాసేపు చూసి, మళ్లీ అక్కడే పెట్టారు.

నాలో ఏదో మారుతుందని ఎదురుచూశాను. ఏమీ మారలేదు. అతను చేతులు కట్టుకుని నాలో అలాగే నిలబడి ఉన్నాడు.

అతని పేరు సూరప్పడు. ఆ పేరు నా మీద ఎక్కడా లేదు. నా వెనుక "రంగూన్ రాజు, సొంత ఊరు రంగూన్" అని పోటీల కోసం కల్పించిన పేరు, ఊరు ఉంటాయి. అతను తుని దాటింది కూడా వెంకటాచలం గారి మనిషి మస్తాన్ వస్తాదు తీసుకువెళ్లాకే.

వెంకటాచలం గారిది కుస్తీ కంపెనీ. ఆ రోజుల్లో ఒక్కో ప్రాంతం ఒక్కో కంపెనీది. మద్రాసు వైపు ఒకరిది, హైదరాబాదు వైపు ఒకరిది, బొంబాయి వైపు ఇంకొకరిది. ఒకరి ప్రాంతంలో మరొకరు పోటీలు పెట్టరు. మనుషులను మాత్రం ఇచ్చిపుచ్చుకుంటారు. ముందుగా ఫోటో వెళుతుంది. నచ్చితే అవతలి కంపెనీవారు దాని వెనుక ముద్ర వేసి తిప్పి పంపుతారు. ఆ తరవాతే మనిషి బయలుదేరుతాడు. అంటే ఏ ఊరికైనా మనిషి కన్నా ముందు చేరేది నేనే.

కొత్తవాళ్లను వెతికి తెచ్చే పని మస్తాన్ వస్తాదుది. కుస్తీ నేర్పే తాలింఖానాల్లో అతను వెతకడు. రేవుల్లో, మిల్లుల్లో, మార్కెట్ యార్డుల్లో తిరుగుతాడు. బరువు ఎత్తేవాణ్ని అందరూ చూస్తారు, నేను దించేవాణ్ని చూస్తాను అనేవాడు. దానికి కారణం ఉంది. కంపెనీ కుస్తీలో ఎవరు గెలవాలో వెంకటాచలం గారు ముందే నిర్ణయిస్తారు. ఇవాళ ఎత్తి పడేసిన మనిషి రేపు ఇంకో ఊళ్లో లేచి నిలబడాలి. కాబట్టి చూసేవాళ్లకు విసిరినట్టు ఉండాలి, పడేవాడికి దించినట్టు ఉండాలి. అది నేర్పితే వచ్చేది కాదని మస్తాన్ నమ్మకం.

అనకాపల్లి బెల్లం మార్కెట్ ఎదురుగా టీ కొట్టులో అతను మూడు రోజులు కూర్చున్నాడట. హమాలీలు బెల్లం దిమ్మలు మోస్తున్నారు. మూడో రోజు ఒకడు భుజం మీది దిమ్మను చప్పుడు లేకుండా నేల మీద పెట్టి, వంగి, అంచును వేలితో తడిమి, "ఇరగనేదు" అని తనలో తాను అనుకున్నాడు. తరవాతి దిమ్మకూ అంతే. ఆ తరవాతి దానికీ అంతే.

"ఆడికి పెళ్లాం కన్నా బెల్లం మీద పేమ ఎక్కువ బావూ," అన్నాడు పక్కనున్న హమాలీ.

"కుస్తీ వచ్చా?" అని మస్తాన్ అడిగాడు.

"రాదు బావూ," అన్నాడు సూరప్పడు. "అయినా మనిసిని ఎత్తడం ఏటి కష్టం? పట్టుకోడానికి కాళ్లూ సేతులూ ఉంటాయి గదా. దిమ్మకి ఏటుంటాయి?"

ఆ వారంలోనే నేను పుట్టాను. స్టూడియోకు సూరప్పడితో పాటు అతని భార్య గౌరమ్మ కూడా వచ్చింది. అతని కుడి కణత మీద బెల్లం పాకం చింది కాలిన మచ్చ ఉంది, రూపాయి బిళ్లంత. ఫోటో తీసే ముందు దాని మీద ఆమె కొంచెం పౌడరు అద్దింది. అది పెళ్లిళ్ల కాలం. స్టూడియోలో పని తెమలడం లేదు. ఫోటోగ్రాఫరు చీకటి గదిలో నెగెటివ్‌ను తిరగేసి పెట్టి నన్ను ముద్రించాడు. పౌడరుకు దాగని ఆ మచ్చ నాలో ఎడమ కణతకు వచ్చింది. పంచె కుచ్చెళ్లు అటువి ఇటయ్యాయి. మర్నాడు గౌరమ్మ నన్ను వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈయనెవరు?" అంది.

"మీ ఆయనే. అద్దంలో ఇలాగే కనిపిస్తాడమ్మా," అన్నాడు ఫోటోగ్రాఫరు.

"అద్దంలోనోడితో నాను కాపరం సెయ్యటం నేదు గదా."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మళ్లీ ముద్రించమని అడగడానికి మస్తాన్ మొహమాటపడ్డాడు. కణత ఏ వైపుదో ఎవరు చూస్తారులే అనుకున్నాడు.

అలా రెండేళ్లు నేను ముందు, సూరప్పడు వెనుక చాలా ఊళ్లు తిరిగాం. ఆ శ్రావణంలో అతను రాజమండ్రి నుంచి పోలవరం వెళ్లే లాంచీ ఎక్కాడు. వరద ఎక్కువగా ఉండి లాంచీ మునిగింది. కొన్ని శవాలు దొరికాయి, అతనిది దొరకలేదు. లాంచీ పుస్తకంలో అతని పేరు రంగూన్ రాజు అని, ఊరు రంగూన్ అని రాసి ఉంది. అధికారులు శ్రద్ధగల మనుషులు. వారసుల కోసం రంగూన్‌కు ఉత్తరం రాశారు. అది కొన్ని నెలలకు తిరిగి వచ్చింది. అనకాపల్లికి మాత్రం ఎవరూ రాయలేదు.

"నేను వెళ్లి ఆ అమ్మాయికి చెప్పి వస్తాను," అన్నాడు మస్తాన్.

"ఎనిమిది ఊళ్లలో పోస్టర్లు అంటించాం. ఈ సీజను అయిపోనీ," అన్నారు వెంకటాచలం గారు. నన్ను పేపర్‌వెయిట్ కింద నుంచి తీసి మస్తాన్ చేతికి ఇచ్చారు. "ఇలాంటివాణ్ని చూడు."

మస్తాన్ అంతవరకు చేతులు చూసి మనుషులను వెతికినవాడు. ఇప్పుడు నన్ను జేబులో పెట్టుకుని ముఖాలు చూస్తూ తిరిగాడు. కావలి, నంద్యాల, గుంతకల్లు. చివరికి ఆదోనిలో ఒక పత్తి మిల్లు వాకిట్లో ఆగిపోయాడు. ఒక మనిషి పత్తి బేలును వీపు మీది నుంచి దించుతున్నాడు. చప్పుడు కాలేదు. అతను ఇటు తిరిగాడు. మస్తాన్ నన్ను జేబులోంచి తీయలేదు. తీయాల్సిన అవసరం లేకపోయింది. అతని గుండె కొట్టుకోవడం మాత్రం నాకు తెలిసింది.

ఆ మనిషి ఎడమ కణత మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది.

అతని పేరు ఉరుకుందప్ప. ఎడమచేతివాటం. మచ్చ ఎలా వచ్చిందని మస్తాన్ అడిగాడు.

"ఏమో సామీ. పోయిన వానల దాకా ఇది ల్యాకుండె అంటాది మాయమ్మ."

"ఎక్కడైనా కాలిందా?"

"కాలితే నాకు తెలీదా?"

అతను పుట్టి బుద్ధెరిగి పడవ ఎక్కలేదు. అయినా కంపెనీ లారీ వంతెన దాటేటప్పుడల్లా కళ్లు మూసుకునేవాడు. నన్ను చూపిస్తే, ఈ ఫోటో ఎప్పుడు తీశారని మామూలుగా అడిగాడు. ఫోటో అంటే మనిషి నుంచి తీసేదని నేను విన్నాను. ఇతను నా నుంచి తీసిన మనిషిలా ఉన్నాడు. నేను తప్పుగా ముద్రితమయ్యాను కనుక ఆ తప్పుకు సరిపోయేవాడు ఒకడు వచ్చాడు. అతణ్ని ఎవరు పంపారో నాకు తెలియదు. నాకు భయం వేసింది.

వెంకటాచలం గారు చాలా సంతోషించారు.

మాఘంలో కంపెనీ అనకాపల్లి వెళ్లింది. ఆ ఊరు వద్దని మస్తాన్ బతిమాలాడు కానీ మైదానం అద్దె ముందే కట్టేశారు. గోడల నిండా నా బొమ్మే. పోటీ రోజు మధ్యాహ్నమే గౌరమ్మ డేరా దగ్గరికి వచ్చింది. నెత్తిన ఒక బెల్లం దిమ్మ ఉంది. నుదుట బొట్టు ఉంది. శ్రావణం నుంచి ఆమెకు కబురు లేదు.

ఉరుకుందప్ప లేచి నిలబడ్డాడు. ఆమె అతణ్ని చూసింది. మస్తాన్ జేబులోంచి నన్ను అడిగి తీసుకుని, నన్నూ చూసింది.

"ఈయన ఫోటోలోనోడే," అంది. "మా ఆయన కాదు."

"ఇదేం మాటమ్మా. రెండేళ్లలో మనిషి మారడా?" అన్నారు కుర్చీలో ఉన్న వెంకటాచలం గారు.

"మారితే సిక్కిపోతాడు, నేదంటే లావవుతాడు. కుడి పక్క ఎడం పక్కకి వెళ్లిపోద్దా బాబూ?"

ఉరుకుందప్పకు ఏం చేయాలో తోచలేదు. "అది దించమ్మా, బరువుంటాది," అన్నాడు ఆదోని యాసలో. ఆ యాస విని ఆమె ముఖం కొంచెం తేలికపడింది. అతను చేతులు చాచి దిమ్మను అందుకున్నాడు. చప్పుడు లేకుండా నేల మీద పెట్టాడు. వంగి, అంచును ఎడమచేతి వేలితో తడిమాడు.

"ఇరగనేదు," అన్నాడు.

ఆదోనివాళ్లు ఆ మాట అనరు. ఇరగల్యా అంటారు. అది అతనికీ తెలుసు. నోరు మూసుకుని అందరి వైపూ చూశాడు. నేను గౌరమ్మ చేతిలో ఉన్నాను. ఆమె వేళ్లు చల్లబడ్డాయి.

ఆమె ఉరుకుందప్పను వదిలేసి మస్తాన్ వైపు తిరిగింది.

"వస్తాదుగారూ, మీరే ఆయన్ని తీసుకెళ్లినారు. మీరే సెప్పాల. ఉన్నాడా, లేడా? లేడంటే ఈ బొట్టు తీసేస్తాను. ఉన్నాడంటే ఇంకో పదేళ్లు సూస్తాను. రెండూ నాను సెయ్యగల్ను. తెలీకుండా కూకోడమే నా వల్ల అవటం నేదు."

మస్తాన్ నోరు తెరిచాడు. ఆ మాట అతని గొంతు దాకా వచ్చిందని నాకు అనిపించింది. వెంకటాచలం గారు దగ్గారు. డేరా బయట జనం చేరుతున్నారు. మస్తాన్ ఒకసారి ఉరుకుందప్పను చూశాడు. లేడని ఈ మనిషి ఎదురుగా ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

"రేపు ఇంటికి వచ్చి చెప్తానమ్మా," అన్నాడు.

"పొద్దున్నే రండి. నాను పనికి వెళ్లను," అంది ఆమె. నన్ను అతనికి ఇచ్చేసి వెళ్లింది.

మర్నాడు తెల్లవారగానే లారీ విజయనగరం బయలుదేరింది. మస్తాన్ అందులోనే ఉన్నాడు.

ఉరుకుందప్ప ఆ నెలాఖరున పని మానేశాడు. "పొద్దున లేస్తే నా నోట్లో వేరే యాస ఉంటాండాది సామీ. అది ఎవురిదో వాళ్లకే ఇచ్చేస్తా," అని ఆదోని వెళ్లిపోయాడు. తరవాత అతని సంగతి నాకు తెలియదు.

మస్తాన్ నన్ను తన దగ్గరే ఉంచుకున్నాడు. ఒక ఆదివారం నా వెనుక, కంపెనీల ముద్రల కింద మిగిలిన కాస్త చోటులో గౌరమ్మ చిరునామా రాశాడు. దాని కింద "అమ్మా గౌరమ్మా" అని మొదలుపెట్టాడు. సిరా ఆరేదాకా కూర్చుని నన్ను పెట్టెలో పెట్టాడు. ఏటా రెండు మూడుసార్లు తీసి చదివేవాడు. ఆ రెండు మాటల పక్కన మూడో మాట చేరలేదు. అతను పోయాక పెట్టె చేతులు మారింది. ఇప్పుడు నేను విజయవాడలో ఒక వ్యాయామశాల గోడ మీద, అద్దం వెనుక ఉన్నాను. కింద రంగూన్ రాజు అని రాశారు. వచ్చినవాళ్లు నా ముఖం చూసి వెళ్తారు. వెనుక వైపు అట్టకు అతికించి ఉంది కనుక అది ఎవరూ చదవరు.

పోయిన నెల అనకాపల్లి నుంచి వచ్చిన ఒక బెల్లం వ్యాపారి నన్ను చూసి, ఈ ఫోటోలోని మనిషి భార్య తమ వీధిలోనే ఉంటుందని, బాగా ముసలిదైపోయిందని, ఇప్పటికీ బొట్టు పెట్టుకుంటుందని పక్కనున్న మనిషితో అన్నాడు.

సూరప్పడు పోయాడని గౌరమ్మకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.